నాలుగు వీధుల దొంతర

కొత్తదిబ్బూరు,
4 జూలై 2005

చిరంజీవి దుర్గాదేవికి,

మీ అమ్మ సూరమ్మకు వరసకు అన్నయ్య అయిన కూర్మారావు దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆచారం. నా మోకాళ్ళనీ తూర్పువీధి రామూర్తినీ మినహాయిస్తే క్షేమమే.

టెక్కలి బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టావని మీ అమ్మ చెప్పింది. ప్రారంభానికి నన్ను పిలవలేదు. ఇప్పుడు నీతో పని పడింది కాబట్టి ఆ సంగతి మరిచిపోయినట్టు నటిస్తున్నాను.

మా ఊరి జీడిగింజల గోదాములో కంప్యూటర్ల హాలు పెట్టాం. సెక్రటరీని నేనే. ఒక కాలేజీవాళ్ళు కొత్తవి కొనుక్కుంటూ పాతవి నలభై మాకిచ్చేశారు. విశాఖపట్నంలో ఒక కంపెనీ ఆసుపత్రుల కాగితాలు టైపు చేసే పని ఊళ్ళలోని ఆడపిల్లలకు ఇస్తోంది. నెలాఖరున వాళ్ళ మనిషి వచ్చి చూస్తాడు. నచ్చితే నలభై మందికీ పని దొరుకుతుంది. నచ్చకపోతే ఏమవుతుందో మా వీధి బొడ్డమ్మ చేతులు చూస్తే తెలుస్తుంది. పలాసలో జీడిగింజలు కొట్టీ కొట్టీ ఆ నూనెకు ఆవిడ వేళ్ళు కాలి నల్లబడిపోయాయి. నమస్కారం పెడితే బొగ్గులు పట్టుకున్నట్టుంటుంది. ఆవిడ కూతురు సుస్మిత ఇంటరు ప్యాసయింది. ఈ పని రాకపోతే వచ్చే నెలలో ఆ పిల్ల కూడా తల్లి పక్కన పీట వేసుకుంటుంది.

ఇక చిక్కు ఏమిటంటే, కంప్యూటర్లను కలపడానికి స్విచ్చి అనే పెట్టె కావాలన్నారు. (నొక్కడానికి దాని మీద ఏమీ లేదు. పేరు ఎవడు పెట్టాడో!) మాది నాలుగు వీధుల ఊరు కదా, వీధికొకటి చొప్పున నాలుగు పెట్టెలు విరాళంగా వచ్చాయి. తూర్పువీధి నుంచి రామూర్తి, నడివీధి నుంచి నేను, పడమటివీధి నుంచి పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే నారాయణరావు, రేవువీధి నుంచి పడవల దాలయ్య. కోవెల్లో ట్యూబులైట్ల మీద వెలుతురు రాకుండా దాతల పేర్లు రాయిస్తారే, అలా పెట్టెల మీద రంగుతో పేర్లు రాయించారు. గోదాములో మూలకొకటి పెట్టి, ఏ వీధి పిల్లల్ని ఆ వీధి పెట్టె దగ్గరే కూర్చోబెట్టారు. ఇప్పుడు తూర్పువీధి పిల్ల టైపు చేసింది తూర్పువీధిలోనే తిరుగుతోంది. రేవువీధి పిల్ల పంపింది రేవు దాటి రావడం లేదు. విశాఖపట్నం కంపెనీ మాత్రం నలభై కంప్యూటర్లూ ఒక్కటిగా ఉంటేనే పని అంటోంది.

వెంటనే దారి చెప్పు.

నీ క్షేమం కోరే,
కూర్మారావు
(రిటైర్డు పోస్టుమాస్టరు)

తా.క. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్లో తిడితే గాలిలో కలిసిపోతుంది. కాగితం మీదయితే నిలబడుతుంది. నేను దేనికైనా సిద్ధంగా ఉండే మనిషిని.


టెక్కలి,
8 జూలై 2005

పూజ్యులు కూర్మారావు మావయ్యకు,

దుర్గాదేవి నమస్కారాలు. ప్రారంభానికి మీకు కార్డు పంపాం. పోస్టులో ఎలా తప్పిపోయిందో నాకంటే మీకే బాగా తెలియాలి.

మీ చిక్కు చిన్నదే. నాలుగు పెట్టెలనూ మూలల్లోంచి తీసి ఒక్కచోట, ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టాలి. వీటి వెనక ప్రత్యేకమైన పొట్టి తీగలకు చోటుంటుంది. మొదటిదాన్ని రెండోదానికి, రెండోదాన్ని మూడోదానికి, మూడోదాన్ని నాలుగోదానికి కలుపుతాం. ఆ తర్వాత నాలుగోదాని నుంచి మళ్ళీ మొదటిదానికి ఒక పొడుగు తీగ వేస్తాం. దాన్ని తిరుగు తీగ అనుకోండి. మధ్యలో ఏ పెట్టె చెడినా మిగతావాటికి రెండో వైపు నుంచి దారి ఉండేందుకు అది.

అప్పుడు నాలుగూ కలిసి ఒకే పెట్టెలా పనిచేస్తాయి. నలభై మందీ ఒకే ఇంట్లో ఉన్నట్టే. అయితే నాలుగింటిలో ఒకటి పెద్దగా ఉండి మిగతా మూడింటినీ నడిపిస్తుంది. అది ఆగిపోతే ఇంకొకటి ఆ బాధ్యత తీసుకుంటుంది. ఏది ఒకటో నంబరు, ఏది రెండు అని మనమే పెట్టుకోవచ్చు.

తీగలు తీసుకుని పదిహేడో తారీఖు ఆదివారం వస్తాను.

మీ మేనకోడలు,
దుర్గాదేవి

తా.క. 'ఒకటి పెద్దగా ఉంటుంది' అన్న వాక్యం ఊళ్ళో ఎవరికీ చదివి వినిపించకండి.


కొత్తదిబ్బూరు,
12 జూలై 2005

చిరంజీవి దుర్గాదేవికి,

మావయ్య ఆశీస్సులు. నీ తాజా కలం చదివేసరికే ఆలస్యమైపోయింది. ఉత్తరం పైనుంచి కిందికి చదువుతారు కదా! కమిటీ ముందు గట్టిగా చదువుతూ వచ్చి, చివర్న 'ఎవరికీ చదవకండి' అన్న చోట ఆగాను. అప్పటికే కమిటీ అంతా లేచి నిలబడి ఉంది.

దాలయ్య మొదలుపెట్టాడు. "సముద్రం మీద పడవకి ఒకడే పెద్ద. ఆడు తప్పితే పడవ మునిగిపోద్ది. మీ మెరక ఈదులోల్లకి ఏటి తెలుసు? మా పెట్టే పెద్దది సెయ్యండి."

నారాయణరావు పలాస నుంచి కబురంపాడు. అమ్మవారి ఉత్సవం జరిపినట్టు ఏడాదికో వీధి చొప్పున వంతు పెట్టాలట, మొదటి వంతు తనదట.

రామూర్తి మాత్రం చుట్ట వెలిగించుకుని నెమ్మదిగా, "పెద్ద ఎవులైతే ఏటి బావా? పని జరగాల గాని" అన్నాడు.

చూశావా కుతంత్రం! పదవి వద్దన్నట్టు మాట్లాడేవాడి చేతికే చివరికి పదవి పోతుంది. నేను కళింగ రాజుల దగ్గర్నుంచి కంపెనీ దొరల దాకా చరిత్ర చదివినవాణ్ణి. వీడి సంగతి నీకు తెలియదు. నేను ఈ ఊరి పోస్టుమాస్టరుగా ఉన్న రోజుల్లో, ఊరికి వచ్చే వారపత్రికలన్నీ నేను ముందు చదివి తర్వాత పంచుతున్నానని ఇన్‌స్పెక్టరుకు చెప్పింది వీడే. ఆ దెబ్బకు నన్ను సంతబొమ్మాళికి మార్చారు. వాడు చెప్పింది నిజమే. నిజమైనంత మాత్రాన చెప్పేస్తారా? సీరియల్ మంచి పట్టులో ఉండగా వెళ్ళిపోవాల్సి వచ్చింది.

కాబట్టి నీతో ఒక రహస్యం. ఒకటో నంబరు నా పెట్టెకు ఇయ్యి. నా కోసం కాదు, న్యాయం కోసం. నాది కుదరకపోతే దాలయ్యదైనా సరే, ఆఖరికి నారాయణరావుదైనా సరే. రామూర్తిది మాత్రం కాకూడదు.

ఉంటాను,
కూర్మారావు

తా.క. ఆదివారం మా ఇంట్లోనే భోజనం. పనసకాయ కూర. దీన్ని లంచం అనుకుంటే అది నీ సంస్కారం.


టెక్కలి,
18 జూలై 2005

పూజ్యులు మావయ్యకు,

నమస్కారాలు. నిన్నటి పనసకాయ కూర ఇంకా నాలుక మీదే ఉంది. అత్తయ్యకు నా తరఫున చెప్పండి. పిల్లలందరూ ఎంత ముచ్చటగా ఉన్నారో! అక్కుపల్లి నుంచి వచ్చి రేవువీధిలో మేనత్త ఇంట్లో ఉంటున్న బేబి ఒక వాక్యం టైపు చేస్తే మీ వీధి సుస్మిత తెర మీద కనబడింది. ఇద్దరూ ఎగిరి గంతేశారు.

మీరంతా చీట్లు వేసుకున్న ప్రకారమే దొంతర పేర్చాను. అన్నిటికన్నా పైన రామూర్తి గారిది, దాని కింద మీది, ఆ కింద నారాయణరావు గారిది, అడుగున దాలయ్య గారిది. పైన ఉన్నంత మాత్రాన పెద్ద అయిపోదు. మీరు కోరినట్టే ఒకటో నంబరు మీ పెట్టెకే ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

మూడు మాటలు మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. పెట్టెల పక్కన ఉన్న సన్నటి చీలికల్లోంచి వేడి బయటికి పోవాలి. వాటి మీద గుడ్డ కప్పకూడదు. కుంకుమ, పసుపు ముందు వైపు తీగలు దూర్చే కంతల్లోకి చల్లకూడదు. వెనక ఉన్న తిరుగు తీగను ముట్టుకోకూడదు.

సెలవు,
దుర్గాదేవి

తా.క. నేను వచ్చేశాక దాలయ్య గారు బస్సులో ఎండుచేపల బుట్ట పంపారు. దాంతో ఏ విన్నపమూ లేదు. ఇలాంటివే భయం.


కొత్తదిబ్బూరు,
22 జూలై 2005

చిరంజీవి దుర్గాదేవికి,

మావయ్య దీవెనలు. నీ చేతిపని చూశాక నా చదువంతా దండగ అనిపించింది. ఈ మాట ఇంకెవరితోనూ అనలేదు, నువ్వూ అనకు.

నా పెట్టె ఒకటో నంబరుగా నాలుగు వీధుల్నీ ఏలుతోంది. పెద్దకు పెద్దరికం కనపడాలి కదా! రిటైరైన రోజున నాకు కప్పిన శాలువా బీరువాలో ఊరికే పడి ఉంది. దాన్ని నాలుగు మడతలు వేసి మా పెట్టె చుట్టూ కట్టాను. పేరు కనబడేలా ముందు కొంచెం తెరిచి ఉంచాను. రామూర్తి వచ్చి చూసి, "ఏటి బావా, పెట్టికి సలేత్తందేటి?" అన్నాడు. కడుపుమంట.

ఇంకో సంగతి. నీ తిరుగు తీగ నాకు నచ్చలేదు. అడుగున ఉన్న దాలయ్య పెట్టె నుంచి అది నన్ను దాటుకుని నేరుగా రామూర్తి పెట్టెకు పోతోంది. పెద్దకు తెలియకుండా ఇద్దరి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలన్నమాట! చరిత్రలో ఎన్ని కోటలు ఇలాంటి దొడ్డిదారి రాయబారాలతో కూలలేదు? అందుకని నిన్న దాన్ని పీకేశాను. ఏమీ కాలేదు. నలభై కంప్యూటర్లూ చక్కగా నడుస్తున్నాయి. అంటే ఆ తీగ అనవసరమని రుజువైంది.

విశాఖపట్నం మనిషి ఇరవై ఏడున వస్తున్నాడు. పేరు అనిల్ అట. బొడ్డమ్మ రోజూ పలాస బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా గోదాముకొచ్చి అడుగుతోంది. "బాబూ, ఆయన తప్పకుండా వొత్తాడా? నా పిల్లని పీట మీద కూకోబెట్టను బాబూ, సెప్తన్నాను." అంతా నేను చూసుకుంటున్నానని ఆవిడతో చెప్పాను.

ఇట్లు,
కూర్మారావు

తా.క. మా కొత్త పోస్టుమాస్టరు నీ ఉత్తరాలు విప్పి చదువుతున్నాడని అనుమానంగా ఉంది. మనుషుల్లో నీతి నశించింది.


టెక్కలి,
25 జూలై 2005

మావయ్యకు,

నమస్కారం తర్వాత పెడతాను. ముందు శాలువా తీసేయండి! ఇప్పుడే, ఈ ఉత్తరం మడత పెట్టకముందే! ఆ పెట్టెకు చలి వేయదు, ఉడుకుతుంది. ఉడికి ఉడికి ఏదో ఒక రోజు పని మధ్యలో చచ్చిపోతుంది.

ఆ తర్వాత తిరుగు తీగ మళ్ళీ పెట్టండి. అన్నీ బాగున్నంతకాలం అది లేకపోయినా నడుస్తుంది. పైనుంచి రెండోదిగా ఉన్న మీ పెట్టె ఆగిపోతే మాత్రం పైనున్న రామూర్తి గారి పెట్టె ఒక ఊరు, కిందున్న రెండూ ఇంకో ఊరు అయిపోతాయి. అనిల్ అనే ఆయన ముందు అలా జరిగితే ఏమవుతుందో బొడ్డమ్మకు మీరే చెప్పాల్సి వస్తుంది.

నేను రాలేను. ఆ రోజు ఇక్కడి ఆసుపత్రిలో పని ఒప్పుకున్నాను. ఈ ఉత్తరం పోస్టును నమ్మి వేయడం లేదు, కండక్టరు చేతికిస్తున్నాను.

దుర్గాదేవి

తా.క. నమస్కారం.


కొత్తదిబ్బూరు,
29 జూలై 2005

చిరంజీవి, సౌభాగ్యవతి, బుద్ధిమంతురాలు దుర్గాదేవికి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం వేళకే అందింది. నువ్వు రెండు పనులు చెప్పావు. నేను ఒకటి చేశాను. నా జీవితంలో ఒకరు చెప్పింది సగం వినడం ఇదే మొదలు, కాబట్టి మెచ్చుకోవాలి.

తిరుగు తీగ పెట్టేశాను. శాలువా మాత్రం తీయలేకపోయాను. అనిల్ వచ్చే ముందురోజే తీస్తే కూర్మారావు పెద్దరికం పోయిందని ఊరంతా అనుకోదూ? ఇన్నాళ్ళు ఉన్నది ఒక్కరోజు ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను.

అనిల్ వచ్చాడు. మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. నలభై మందికీ తలా ఒక కాగితం ఇచ్చి టైపు చేసి ఒక్కచోటికి పంపమన్నాడు. నాలుగు వీధుల పెద్దలం గోడకు ఆనుకుని నిలబడ్డాం. టకటకా వాన పడ్డట్టుంది. నా ఛాతీ శాలువా లేకుండానే వెచ్చబడింది.

అప్పుడు ఏదో కమురు వాసన వచ్చింది. నా పెట్టె మీద దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

హాలంతా ఆగింది. అనిల్ తలెత్తాడు. సుస్మిత నా వైపు చూసింది, దుర్గా. ఆ చూపు నేను చచ్చేదాకా నాతో ఉంటుంది. బొడ్డమ్మ ఆ రోజు పనికి పోలేదు. గుమ్మం దగ్గర నిలబడి, నల్లటి వేళ్ళు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో తూర్పువీధి పిల్లల తెరలు మళ్ళీ కదిలాయి. ఆ వెంటనే పడమటివీధివి, రేవువీధివి. మధ్యలో నా పెట్టె శవంలా ఉన్నా, పైనున్నదీ కిందున్నవీ ఆ తిరుగు తీగ పట్టుకుని మాట్లాడుకుంటున్నాయి. మూడు వీధులు నడుస్తున్నాయి. మా నడివీధి పిల్లలు పది మంది మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

నేను కదల్లేదు. కదిలింది రామూర్తి. చుట్ట పారేసి, పంచె పైకి కట్టి అరిచాడు. "ఏటలా సూత్తన్నారు? పెట్టికి ఆరేసి కంతలు కాలీగున్నాయి గదా! ఆ పిల్లల తీగలు తీసి మా కంతల్లో ఎట్టీండి!"

దాలయ్య ముందుకొచ్చాడు. "మా దాన్లో నాలుగెట్టు మావా! మేమేటి కాదన్నామా?"

అంతే. మా నడివీధి తీగలు కొన్ని తూర్పువీధిలో, కొన్ని పడమటివీధిలో, కొన్ని రేవువీధిలో దూరాయి. సుస్మిత తీగ రామూర్తి పెట్టెలోనే పెట్టారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని మళ్ళీ టైపు మొదలుపెట్టింది. నలభై కాగితాలూ చేరాయి.

అనిల్ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "సార్, ఒక పెట్టె పోయినా పని ఆగకుండా ఎలా ఉంటుందో చూపించడానికి మీరు కావాలనే ఇది ఏర్పాటు చేశారు కదా? ఇంత బాగా ఎవరూ చూపించలేదు" అన్నాడు.

నేను శాలువా వైపు చూసి, "మరేమనుకున్నావు?" అన్నాను.

పని మనకే ఇచ్చారు. నలభై మందికీ. ఒకటో తారీఖు నుంచి.

నీకు కృతజ్ఞతలు. ఈ మాట రాయడం అలవాటు లేక రెండుసార్లు కొట్టేసి రాశాను. అయితే ఒక్క సందేహం. నా పెట్టె పోయాక పెద్దరికం తీసుకున్నది రామూర్తి పెట్టె అట, అనిలే చూసి చెప్పాడు. మూడు పెట్టెలుండగా దానికే ఎందుకు పోయింది?

కూర్మారావు

తా.క. శాలువాకు చిల్లు పడింది. మెడ చుట్టూ వేసుకుంటే కనబడదు.


టెక్కలి,
2 ఆగస్టు 2005

పూజ్యులు మావయ్యకు,

నమస్కారాలు. మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత మామూలుగా కూడా పెట్టుకుంది.

రామూర్తి గారి పెట్టెకు పెద్దరికం దానంతట అది పోలేదు. రెండో నంబరు దానికి ఇచ్చింది నేనే. ఎందుకు ఇచ్చానో మాత్రం చెప్పను. చెప్పనని ఒకరికి మాటిచ్చాను.

కాలిన పెట్టెకు బదులు ఇంకొకటి విశాఖపట్నం నుంచి తెప్పిస్తున్నాను. వచ్చే వారం తెచ్చి బిగిస్తాను. అందాకా శాలువాలు ఇంట్లోనే ఉంచండి.

దుర్గాదేవి

తా.క. ఎవరికి మాటిచ్చానని అడగకండి. మీరు ఎలాగూ కనుక్కుంటారని ఆ మనిషికి ముందే చెప్పాను.


కొత్తదిబ్బూరు,
9 ఆగస్టు 2005

చిరంజీవి దుర్గాదేవికి,

కూర్మారావు మావయ్య తల కొంచెం వంచి రాస్తున్నది.

నిన్న సాయంత్రం రామూర్తి ఇంటికి వెళ్ళాను. పిల్లల తీగలకు చోటిచ్చాడు కదా, ఒక్క మంచి మాట అనేసి వద్దామని దారి పొడుగునా సాధన చేసుకుంటూ పోయాను. వాడు కొబ్బరితోటకు పోయి ఇంకా రాలేదు. భార్య గంగమ్మ టీ ఇచ్చింది. మాటల్లో రెండో నంబరు సంగతి ఎత్తాను.

గంగమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. "అయ్యో అన్నా, రెండోదేటి? నీకిచ్చిన ఒకటో నంబరు కూడా ఈ మనిసి అడిగిందే గదా! నీకు తెల్దా?"

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

ఆవిడ చెప్పింది. నువ్వు ఇక్కడికి రాకముందే రామూర్తి పనిగట్టుకుని టెక్కలి వెళ్ళి నీ దుకాణంలో కూర్చున్నాడట. "అమ్మీ, కూర్మారావు బావ పెట్టే పెద్దది సెయ్యి. లేకపోతే ఆడు అలిగి ఇంట్లో కూకుంటాడు. కాలేజీవోల్లకీ కంపెనీవోల్లకీ ఉత్తరాలు రాసి ఈ పనంతా తెచ్చింది ఆడే. ఆడు కూకుంటే మన పిల్లలు మల్లీ జీడి పీటలమీద కూకోవాల. నాది ఆడి ఎనకాల ఎట్టు. ఆడికేటైనా అయితే నాను సూసుకుంతాను" అన్నాడట. ఆడికి సెప్పకు అని ఒట్టు కూడా వేయించుకున్నాడట.

నేను న్యాయం కోసం అని నీకు రాసిన ఉత్తరం నీ బల్ల మీద ఉండగానే వాడు వచ్చి ఈ మాట చెప్పాడన్నమాట. నువ్వు రెండూ విని, పనసకాయ కూర తిని, మాట్లాడకుండా పోయావు. నీకు మా వంశం పోలికలు లేవు.

ఇన్నేళ్ళు కష్టపడి పెంచుకున్న పగ, దుర్గా. ఎండకూ వానకూ కాపాడుకున్నాను. చదివిన పుస్తకాల్లో పగతో చచ్చినవాళ్ళున్నారు, పగ తీర్చుకున్నవాళ్ళున్నారు. ఇలా ఎదుటివాడే చేతిలోంచి లాక్కుపోయిన సంఘటన ఎక్కడా చదవలేదు. ఇకమీదట నేను ఎవరిని తిట్టుకుంటూ నిద్రలేవాలి?

అంతలో వాడు వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటి బావా, దారి తప్పినావేటి?"

సాధన చేసుకున్న మాట ఒక్కటీ రాలేదు. "టీ బాగుందని చెప్పడానికొచ్చాను" అన్నాను.

"టీ పెట్టింది నాను కాదు గదా."

"నువ్వు పెట్టి ఉంటే బాగుందనేవాణ్ణి కాదు."

"అదీ మరి! పెట్టి కాలిపోనాది గాని మనిసి సల్లారలేదు" అని పక్కన కూర్చుని ఇంకో గ్లాసు టీ అడిగాడు. ఇద్దరం తాగాం. నా కృతజ్ఞత వాడికి అందిందనే అనుకుంటున్నాను, ఎందుకంటే వాడు చుట్ట నాకు కూడా ఒకటి ఇచ్చాడు. నేను చుట్ట కాల్చను. కాల్చాను.

ఈ రోజు హాలుకు వెళితే బొడ్డమ్మ లోపలికి రాకుండా కిటికీ దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను. "వొద్దు బాబూ, నా సేతులు ముట్టుకుంటే నల్లగైపోతాయి ఆ మిసన్లు. పిల్ల ఏళ్ళు ఇక్కడినుంచీ కనబడతన్నాయి, సాలు" అంది. నేనూ ఆవిడ పక్కనే నిలబడి చూశాను. సుస్మిత వేళ్ళు ఎంత వేగంగా పోతున్నాయంటే, నా పాత మోర్సు టెలిగ్రాఫు చెయ్యి కూడా వాటి ముందు నిలవదు.

ఆశీస్సులతో, కృతజ్ఞతతో (ఈసారి కొట్టేయకుండా రాశాను),
కూర్మారావు

తా.క. కొత్త పెట్టె తెచ్చినప్పుడు ఒకటో నంబరు రామూర్తి పెట్టెకు ఇయ్యి. నాది వాడి వెనకాల పెట్టు. వాడికేమైనా అయితే నేను చూసుకుంటాను. వాడికి మాత్రం చెప్పకు.